ఇరవై డిగ్రీలు సాల్మన్‌కి ఎందుకు ఎక్కువ?

సియాటిల్‌లో బల్లార్డ్ లాక్స్ అనే చోటు ఉంది. ఉప్పునీటి నుంచి ఊరి మధ్యలోని లేక్ వాషింగ్టన్‌లోకి పడవలు వెళ్లడానికి 1917లో తెరిచిన గేట్లు అవి. పక్కనే చేపలు ఎక్కడానికి మెట్లు కట్టారు, మొత్తం 21. ఆ మెట్ల పక్క నుంచి కిందకి దిగితే ఒక చీకటి గది, గోడకి మందపాటి గాజు కిటికీలు ఉంటాయి. అవతల ఆకుపచ్చటి నీళ్లలో సాల్మన్ చేపలు ఎదురీదుతూ కనిపిస్తాయి. ఒక జులై చివర్లో నాన్నని అక్కడికి తీసుకెళ్లాను. నాన్నది కొవ్వూరు. గోదారి గట్టు మీద పెరిగిన మనిషికి చేపల్ని చూపిద్దామని నా సరదా.

కిటికీకి బాగా దగ్గరగా ఒక సాకై రకం సాల్మన్ ఉంది. తోక ఆడిస్తూనే ఉంది కానీ ముందుకి కదలట్లేదు. వీపు మీద రెక్క మొదట్లో రూపాయి బిళ్లంత తెల్ల మచ్చ, దూది అంటించినట్టు. మొప్పలు గబగబా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉన్నాయి. మిగతావి ఒక్కొక్కటీ దాన్ని దాటుకుని పోతున్నాయి. పది నిమిషాలు చూసినా అది మాత్రం అక్కడే ఉంది.

"ఇదేంటమ్మా, ఇక్కడే ఆగిపోయింది?" అన్నారు నాన్న.

"పైన కాలవలో నీళ్లు వేడిగా ఉన్నాయి నాన్నా. ఇరవై డిగ్రీలు దాటాయంట."

నాన్న నావైపు తిరిగి చూశారు. "ఇరవై డిగ్రీలు వేడా? మన గోదారి ఇరవైకి ఎప్పుడన్నా దిగుతుందా అమ్మా? సంక్రాంతికి తెల్లారగట్ల మునిగితే వణికిపోతామే, అప్పుడు దిగుతుందేమో!"

ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. పులస కూడా సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి నది ఎక్కే చేపే. వరదల రోజుల్లో ముప్పైకి దగ్గరగా ఉండే ఎర్రనీళ్లలో అది హాయిగా ఎదురెక్కుతుంది. సాల్మన్ చేసేదీ అదే పని. మరి దానికి ఇరవై డిగ్రీలకే ప్రాణం మీదకి ఎందుకొస్తుంది? ఇంటికొచ్చాక దొరికినంత చదివాను. ఒక్క మాటలో చెప్పాలంటే కారణం దాని గుండె. ఆ మాట అర్థం కావాలంటే ముందు ఈ చేప ఏం మోసుకుని బయల్దేరుతుందో చూడాలి.

పసిఫిక్ తీరంలో ఉత్తర అమెరికా వైపు సాల్మన్ ఐదు రకాలు: చినూక్, సాకై, కోహో, చమ్, పింక్. ఎక్కడో కొండల్లో, చల్లటి ఏటి అడుగున గులకరాళ్ల మధ్య గుడ్డు పగిలి పుడతాయి. కొన్ని వెంటనే, కొన్ని ఒకటి రెండేళ్లు మంచినీటిలో పెరిగాక సముద్రంలోకి దిగుతాయి. అక్కడ కొన్నేళ్లు తిని బలిసి, పుట్టిన ఏటికే తిరిగొస్తాయి. ఆ ఏటి వాసన చిన్నప్పుడే మెదడులో ముద్ర పడిపోతుంది, దాన్ని పట్టుకుని దారి వెతుక్కుంటాయి. గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. రెండో అవకాశం లేదు.

నదిలోకి అడుగుపెట్టాక అవి తిండి మానేస్తాయి. జీర్ణాశయం కుంచించుకుపోతుంది. సముద్రంలో కూడబెట్టిన కొవ్వు, అది అయిపోతే కండ, అంతే వాటి ఇంధనం. దాంతోనే వందల కిలోమీటర్లు ఎదురీదాలి, దారిలోనే గుడ్లు పక్వానికి తెచ్చుకోవాలి, చేరాక తోకతో గులకరాళ్లు తవ్వి గూడు చెయ్యాలి, చివరి రోజుల్లో దాన్ని కాపలా కాయాలి. మధ్యలో ఎక్కడా పెట్రోల్ బంకు లేని ప్రయాణం అన్నమాట. నీళ్లు వేడెక్కితే మొదటి దెబ్బ ఈ ఇంధనానికే తగులుతుంది.

నీటి వేడే ఒంటి వేడి

మన ఒంటి వేడి బయట ఎండ కాసినా చలి పెట్టినా 37 డిగ్రీల దగ్గరే ఉంటుంది. సాల్మన్‌కి ఆ సదుపాయం లేదు. నీళ్లు 12 డిగ్రీలైతే దాని ఒళ్లూ 12, నీళ్లు 20 అయితే కండలు, మెదడు, గుండె అన్నీ 20. ఒంట్లో జరిగే పనుల వేగం పది డిగ్రీలు పెరిగితే ఇంచుమించు రెట్టింపవుతుంది. ఊరికే నిలబడి ఉన్నా ఖర్చు పెరుగుతుంది. బతికి ఉండడానికే కావలసిన ఆక్సిజన్ పెరుగుతుంది.

కావలసింది పెరుగుతుంటే దొరికేది తగ్గుతుంది. చల్లటి నీళ్లు ఆక్సిజన్‌ని ఎక్కువ పట్టి ఉంచుతాయి. పది డిగ్రీల దగ్గర లీటరు మంచినీటిలో సుమారు 11.3 మిల్లీగ్రాముల ఆక్సిజన్ కరుగుతుంది. ఇరవై డిగ్రీల దగ్గర అది 9.1కి పడిపోతుంది.

ఇది ఇంటి లెక్కలా చూస్తే తేలిగ్గా అర్థమవుతుంది. మనిషికి వచ్చే జీతం ఎంతో, అద్దెకీ బియ్యానికీ పోయేది ఎంతో, ఆ రెండింటి మధ్య మిగిలేదే పిల్ల పెళ్లికైనా ఇల్లు కట్టడానికైనా పనికొస్తుంది. చేప ఒక నిమిషంలో గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడగలదు, ఊరికే ఉన్నప్పుడు ఎంత వాడుతుంది, ఆ తేడానే దాని మిగులు. శాస్త్రవేత్తలు దీన్ని ఏరోబిక్ స్కోప్ అంటారు. ఈదడం, ఎగరడం, రోగంతో పోరాడడం, గుడ్లు తయారుచేసుకోవడం అన్నీ ఈ మిగులులోంచే రావాలి. నీళ్లు కొంచెం వెచ్చబడితే మొదట్లో మిగులు పెరుగుతుంది, ఎందుకంటే గుండె వేగంగా కొట్టుకుని ఎక్కువ రక్తం తోడుతుంది. ఒక చోట శిఖరానికి చేరి, ఆపైన పడిపోతుంది. ఖర్చు పెరుగుతూనే ఉంటుంది, ఆదాయం మాత్రం ఆగిపోతుంది. మిగులు సున్నా అయినచోట చేప వెంటనే చచ్చిపోదు, బతికే ఉంటుంది. కాకపోతే ఏటికి ఎదురీదలేదు. తినకుండా, ఆగకుండా వెళ్లవలసిన చేపకి రెండింటికీ పెద్ద తేడా లేదు.

ఆదాయం ఎందుకు ఆగిపోతుంది? ఇక్కడే గుండె వస్తుంది, ఈ కథలో నన్ను అన్నిటికన్నా కదిలించింది ఇదే.

మన గుండె ఊపిరితిత్తుల నుంచి వచ్చిన తాజా రక్తాన్ని ఒంటికి పంపిస్తుంది. చేప గుండె రక్తాన్ని ముందు మొప్పలకి పంపిస్తుంది. అక్కడ ఆక్సిజన్ పట్టుకుని ఆ రక్తం నేరుగా కండలకి, మిగతా ఒంటికి వెళ్లి, అందరికీ పంచి, చివరికి గుండెకి తిరిగొస్తుంది. అంటే గుండెది ఆఖరి పంక్తి. గుండె లోపలి పొర స్పాంజిలా ఉంటుంది, అది ఈ తిరిగొచ్చిన రక్తంలో మిగిలిన ఆక్సిజన్ మీదే బతుకుతుంది. అందరికీ వడ్డించి చివర్లో గిన్నె అడుగున మిగిలింది తినే తల్లిలాంటిది. బయటి పొర గట్టిగా ఉంటుంది. దానికి మాత్రం మొప్పల నుంచి నేరుగా తాజా రక్తం తెచ్చే సన్నటి రక్తనాళాలు ఉంటాయి.

ఇప్పుడు వేడి నీళ్లలో ఈ చేప ఒక ఉరవడిని దాటుతోందనుకోండి. కండలు ఉన్న ఆక్సిజన్ అంతా లాగేసుకుంటాయి. తిరిగొచ్చే రక్తంలో మిగిలేది తక్కువ. సరిగ్గా ఆ సమయానికే గుండె మామూలు కన్నా వేగంగా కొట్టుకోవాలి. వేగం ఒక హద్దు దాకా పెరుగుతుంది, ఆపైన పెరగదు. ఒక్కో దెబ్బకి తోడే రక్తం ఎలాగూ పెద్దగా పెరగదు. ఇంకా వేడెక్కితే లయ తప్పుతుంది, దెబ్బలు వదిలేస్తుంది. రక్తం తగ్గేసరికి కండలకీ అందదు, గుండెకీ అందదు. చేప వెనక్కి జారిపోతుంది.

ఒకే నది, వేర్వేరు గుండెలు

ఈ విషయం బాగా తేలింది కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలోని ఫ్రేజర్ నదిలో. రాకీ పర్వతాల్లో పుట్టి సుమారు 1,375 కిలోమీటర్లు ప్రవహించి వాంకూవర్ దగ్గర సముద్రంలో కలుస్తుంది. దీని ఉపనదుల్లో, సరస్సుల్లో సాకై చేపల సమూహాలు వందకు పైగా ఉన్నాయి. అన్నీ సాకై రకమే. కానీ ఒక్కో సమూహానిది ఒక్కో ఇల్లు. వీవర్ క్రీక్ చేపలకి సముద్రం నుంచి ఇల్లు సుమారు 100 కిలోమీటర్లే, పెద్దగా ఎత్తూ లేదు. చిల్కో చేపలు 650 కిలోమీటర్లు ఈది, వెయ్యి మీటర్లకి పైగా ఎత్తెక్కి, మంచుకొండల మధ్య సరస్సుకి చేరాలి. స్టువార్ట్ వైపు వెళ్లేవి వెయ్యి కిలోమీటర్లు దాటి ఈదుతాయి.

పై ఊళ్లకి వెళ్లేవన్నీ హెల్స్ గేట్ అనే ఇరుకు లోయని దాటాలి. నది అంతా ముప్పై అయిదు మీటర్ల సందులోంచి దూకే చోటు అది. 1914లో రైలు మార్గం పనుల వల్ల కొండచరియ విరిగిపడి అది ఇంకా ఇరుకైంది, ఆ దెబ్బకి సాల్మన్ సంఖ్య కుప్పకూలింది. 1940లలో చేపల మెట్లు కట్టాక కొంత కోలుకుంది.

ఎరికా ఎలియసన్ అనే శాస్త్రవేత్త, ఆమె బృందం ఫ్రేజర్‌లోని వేర్వేరు సమూహాల చేపల్ని పట్టి, నీటి గొట్టాల్లో ఈదించి, వేర్వేరు వేడిమిలో అవి ఎంత ఆక్సిజన్ వాడగలవో, గుండె ఎలా పనిచేస్తోందో కొలిచారు. 2011లో ఆ ఫలితాలు సైన్స్ పత్రికలో వచ్చాయి. కష్టమైన దారి ఉన్న చేపలకి గుండె పెద్దది, గుండెకి నేరుగా వెళ్లే రక్తనాళాలు మెరుగైనవి, మిగులు ఎక్కువ. చిల్కో చేపలైతే మరీ ప్రత్యేకం. వాటి గుండె కండలో అడ్రినలిన్‌ని అందుకునే గ్రాహకాలు మిగతా వాటికన్నా ఎక్కువ ఉన్నాయి. ఆక్సిజన్ తగ్గినప్పుడు కూడా గుండె బలంగా కొట్టుకోవడానికి అవి సాయపడతాయి. అందుకే మిగతావి చేతులెత్తేసే వేడిలో కూడా చిల్కో చేప ఈదగలదు. వీవర్ క్రీక్ చేపకి ఆ వెసులుబాటు లేదు. ఎందుకుంటుంది? దాని దారి చిన్నది, అది నది ఎక్కే కాలం చల్లటి శరదృతువు. అంత గుండె దానికి ఎప్పుడూ అవసరం కాలేదు.

అంటే ప్రతి సమూహమూ వేల ఏళ్లుగా తన దారికి, తన కాలానికి, తన నీళ్లకి సరిపడా కుట్టించుకున్న చొక్కాలాంటి గుండెతో ఉంది. ఇరవై డిగ్రీలు వేడా అని నాన్న అడిగిన ప్రశ్నకి జవాబు ఇదే. పులస ఒళ్లు గోదారి నీళ్లకి కుదిరింది, సాకై ఒళ్లు మంచు కరిగిన నీళ్లకి కుదిరింది. సాల్మన్‌కి ఇన్ని డిగ్రీల దాకా ఫరవాలేదని ఒక్క అంకె చెప్పి ఊరుకోవడం నాకు తప్పనిపించేది అందుకే. ఆ అంకె ఏ సాల్మన్‌కి, ఏ ఏటి సాల్మన్‌కి?

ఫ్రేజర్‌లో వేసవి నీటి వేడి 1950ల నుంచి ఒకటిన్నర డిగ్రీకి పైగా పెరిగింది. ఒకటిన్నరే కదా అనిపిస్తుంది. కానీ ఈ చేపలు ఇప్పటికే తమ హద్దుకి ఒకటి రెండు డిగ్రీల దూరంలో ఈదుతున్నాయి. నీళ్లు 18 దాటితే చాలా సమూహాలకి ఈత కష్టమవుతుంది, 20 దాటితే దారిలో చావులు బాగా పెరుగుతాయి. 2004 వేసవిలో అదే జరిగింది. మిషన్ అనే ఊరి దగ్గర నదిలో చేపల్ని లెక్కపెడతారు, మళ్లీ పైన గుడ్లు పెట్టే చోట లెక్కపెడతారు. రెండు లెక్కల మధ్య లక్షల చేపలు లేకుండా పోయాయి. దొంగ వేట అనీ లెక్కల్లో తప్పు అనీ అప్పట్లో పెద్ద గొడవ జరిగింది. కానీ ఆ ఏడు నది ఎంత వేడిగా ఉందో మర్చిపోతే ఆ లెక్క ఎప్పటికీ కుదరదు.

ఇంకో వింత మార్పు 1990ల మధ్యలో మొదలైంది. ఆడమ్స్ నది, వీవర్ క్రీక్ లాంటి ఆలస్యంగా వచ్చే సమూహాలు నది ముఖద్వారం దాకా వచ్చి, కొన్ని వారాలు ఉప్పునీటిలోనే ఆగి, చల్లబడ్డాక నది ఎక్కేవి. 1995 తర్వాత అవి ఆగడం మానేశాయి. వచ్చినవి వచ్చినట్టే నదిలోకి దిగడం మొదలుపెట్టాయి, మండే వేసవి మధ్యలో. కొన్ని సంవత్సరాల్లో అలా తొందరపడ్డ వాటిలో ఎక్కువ భాగం గుడ్లు పెట్టకముందే చచ్చిపోయాయి.

వాటిని చంపింది వేడి ఒక్కటే కాదు. ఫ్రేజర్ ముఖద్వారంలో పార్వికాప్సులా అనే సూక్ష్మజీవి ఉంటుంది. అక్కడ ఒంట్లోకి చేరి మూత్రపిండాల్లో పెరుగుతుంది. అది ఎంత ముదురుతుందో రోజులతో కాదు, వేడితో కలిపిన రోజులతో లెక్కపెడతారు. 15 డిగ్రీల నీటిలో 30 రోజులుంటే 450 డిగ్రీ-రోజులు. సుమారు అక్కడికొచ్చేసరికి జబ్బు ముదురుతుంది. అదే చేప 18 డిగ్రీల నీటిలో ఉంటే 25 రోజులకే ఆ గీత దాటేస్తుంది. ముందుగా దిగిన చేపకి రెండు వైపులా దెబ్బ: నదిలో ఉండే రోజులూ ఎక్కువే, ఒక్కో రోజు వేడీ ఎక్కువే. బల్లార్డ్ కిటికీ వెనక మేం చూసిన ఆ దూదిలాంటి తెల్ల మచ్చ బూజు. వేడికీ అలసటకీ రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు, చిన్న గాయం ఉన్నచోట అది పట్టేస్తుంది.

ఇందులో నాకు బాగా బాధ కలిగించిన విషయం ఇంకొకటుంది. వేడి నీళ్లలో ఆడ చేపలు మగ చేపలకన్నా రెట్టింపుకి పైగా చచ్చిపోతున్నాయి. ఒక సమూహంలో కాదు, ఎన్నో అధ్యయనాల్లో ఇదే తేలింది. ఆడ చేప ఒంట్లో ఉన్న శక్తిలో పెద్ద వాటా గుడ్లకే పోతుంది. ఒంటితో పోలిస్తే ఆడ చేప గుండె చిన్నది. ఒత్తిడిలో ఉన్నప్పుడు ఒంట్లో విడుదలయ్యే కార్టిసాల్ హార్మోన్ వాటి రక్తంలో ఎక్కువగా ఉంటుంది. నదికి ఎన్ని చేపలొచ్చాయన్న లెక్క పేపర్లో బాగానే కనిపించినా, గుడ్లు పెట్టే చోటికి చేరినవి చాలావరకు మగవే అయితే వచ్చే నాలుగేళ్ల తర్వాత ఏటికి ఏం తిరిగొస్తుంది?

డ్యామ్ కట్టిన నదిలో

అమెరికాలో కొలంబియా నది కథ వేరు. ఫ్రేజర్ ప్రధాన నదికి అడ్డంగా డ్యామ్ లేదు. కొలంబియా, దాని ఉపనది స్నేక్ మీద మాత్రం వరసగా డ్యామ్‌లే. పారే నీరు వేగంగా వెళ్లిపోతుంది, నిలబడ్డ నీరు ఎండకి కాగుతుంది. 2015లో కొండల మీద మంచు చాలా తక్కువ పడింది, జూన్‌లోనే ఎండలు మండిపోయాయి. ఆ ఏడు బోన్‌విల్ డ్యామ్ దాటిన సాకై చేపలు అయిదు లక్షలకు పైగా, మంచి సంఖ్యే. వాటిలో సుమారు రెండున్నర లక్షలు దారిలోనే పోయాయి.

ఆ గుంపులో ఐడహో రాష్ట్రంలోని రెడ్‌ఫిష్ లేక్‌కి వెళ్లవలసినవి కొన్ని వేలున్నాయి. ఆ సరస్సు సముద్రానికి దాదాపు 1,450 కిలోమీటర్ల దూరంలో, సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంది. దారిలో ఎనిమిది డ్యామ్‌లు. 1992లో ఆ సరస్సుకి ఒకే ఒక్క మగ చేప చేరింది, జనం దానికి లోన్‌సమ్ లారీ అని పేరు పెట్టారు. అక్కడి నుంచి హ్యాచరీలో పెంచి వేల దాకా తెచ్చారు. 2015లో సొంతంగా ఈది ఆ లోయకి చేరినవి వందలోపే.

డ్యామ్‌ల దగ్గర చేపల మెట్లే ఒక్కోసారి సమస్యవుతాయి. మెట్లలోకి వదిలేది జలాశయం పై నీళ్లు, అంటే ఎండకి బాగా కాగినవి. కింద చల్లగా ఉన్నచోట మెట్టెక్కిన చేప పైకెళ్లేకొద్దీ వేడి తగిలి వెనక్కి తిరిగిపోతుంది. మళ్లీ వస్తుంది, మళ్లీ తిరిగిపోతుంది. ప్రతిసారీ ఇంధనం ఖర్చు. అందుకే స్నేక్ మీద లోయర్ గ్రానైట్ డ్యామ్ దగ్గర లోతు నుంచి చల్లటి నీళ్లు పంపు చేసి మెట్లలోకి వదిలే ఏర్పాటు చేశారు. ఇంకా పైన డ్వర్షాక్ డ్యామ్ నుంచి వేసవిలో జలాశయం అడుగున ఉన్న చల్లటి నీళ్లు వదిలి స్నేక్‌ని చల్లబరుస్తారు.

చేపలు కూడా చూస్తూ ఊరుకోవు. చల్లటి ఉపనది కలిసే చోట్లు వెతుక్కుని అక్కడ గుంపుగా ఆగుతాయి. డెషూట్స్ నది కొలంబియాలో కలిసే చోట, డ్రేనో లేక్ దగ్గర వేసవిలో ఇలా వేల చేపలు నీడ పట్టున కూర్చున్నట్టు ఉంటాయి. ఒళ్లు చల్లబడితే ఖర్చు తగ్గుతుంది, గుండె కుదుటపడుతుంది. కానీ ఆగిన ప్రతి రోజూ కాలం పోతుంది. పైగా అవి ఎక్కడ ఆగుతాయో గాలం వేసేవాళ్లకీ బాగా తెలుసు. పట్టి వదిలేస్తే చేపకి ఏమీ కాదని చాలామంది నమ్మకం. చల్లటి నీళ్లలో అది చాలావరకు నిజమే. వేడి నీళ్లలో మాత్రం గాలంతో పెనుగులాడిన చేపకి అలసట తీరదు, వదిలేశాక కొన్ని గంటలకో రోజులకో చచ్చిపోతుంది.

ఈ గుంపులు కట్టడంలోనే ఇంకో ప్రమాదం ఉంది. 2002 సెప్టెంబర్‌లో కాలిఫోర్నియాలోని క్లామత్ నదిలో నీళ్లు తక్కువ, వెచ్చగా ఉన్నాయి, చేపలేమో ఎక్కువ వచ్చాయి. ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డ గుంపులో మొప్పల జబ్బులు కార్చిచ్చులా పాకాయి. అధికారిక లెక్కే కనీసం 34,000 చావులు. ఆ నది ఒడ్డున తరతరాలుగా బతికే యురోక్ తెగవాళ్లు అసలు సంఖ్య ఇంకా చాలా ఎక్కువన్నారు. వాళ్లకి సాల్మన్ తిండి మాత్రమే కాదు, వాళ్ల ఏడాది మొత్తం ఆ రాక చుట్టూనే తిరుగుతుంది.

రాళ్ల కింద గుడ్డు

పెద్ద చేప కనీసం కదలగలదు, చల్లటి చోటు వెతుక్కోగలదు. గుడ్డుకి ఆ వీల్లేదు. గులకరాళ్ల కింద నెలల తరబడి అక్కడే ఉంటుంది. దానికి మొప్పలు కూడా లేవు. రాళ్ల సందుల్లోంచి మెల్లగా పారే నీటి నుంచి ఆక్సిజన్ గుడ్డు పొరలోంచి లోపలికి ఇంకాలి, అంతే.

కాలిఫోర్నియా శాక్రమెంటో నదిలో చలికాలపు చినూక్ అనే సమూహం ఉంది. చలికాలంలో నదిలోకి వచ్చి, ఎండాకాలంలో గుడ్లు పెడుతుంది. పూర్వం కొండల్లోని ఊటనీటి ఏళ్లకి వెళ్లేది కాబట్టి ఎండాకాలమైనా చల్లగానే ఉండేది. 1945లో పూర్తయిన షాస్టా డ్యామ్‌తో ఆ దారి మూసుకుపోయింది. ఇప్పుడవి డ్యామ్ కింద, అడవీ నీడా లేని లోయలో గుడ్లు పెడుతున్నాయి. డ్యామ్ అడుగు నుంచి వదిలే చల్లటి నీళ్లే వాటికి దిక్కు. 2014, 2015 కరువుల్లో జలాశయంలో చల్లటి నీళ్లు అయిపోయాయి. రెండేళ్లూ గుడ్ల నుంచి పిల్లలుగా బయటికొచ్చినవి నూటికి అయిదారు మించలేదు.

అప్పటి దాకా ప్రయోగశాల లెక్కల ప్రకారం ఆ వేడికి గుడ్లు అంతలా పోకూడదు. తర్వాత పరిశోధకులు తేల్చిందేమిటంటే, ప్రయోగశాల తొట్టిలో గుడ్ల మీదుగా నీళ్లు చురుగ్గా పారతాయి. నది అడుగున అంత వేగం ఉండదు. వేడికి పిండానికి ఆక్సిజన్ ఎక్కువ కావాలి, నెమ్మదిగా పారే నీరు అంత అందించలేదు. నదిలో గుడ్డు తట్టుకునే వేడి ప్రయోగశాలలో కన్నా సుమారు మూడు డిగ్రీలు తక్కువ. ఆ మూడు డిగ్రీల తేడా తెలియకుండానే అంతకాలం నీళ్లు వదిలే లెక్కలు వేశారు. చూడండి, మళ్లీ అదే: ఆక్సిజన్ కావలసినంత అందుతోందా లేదా. పెద్ద చేపకి గుండె దగ్గర వచ్చిన ఇబ్బందే గుడ్డుకి పొర దగ్గర వచ్చింది.

సముద్రం గురించి ఎక్కువ చెప్పను, అది వేరే వ్యాసమంత పెద్దది. 2013 చివరి నుంచి 2016 దాకా ఈశాన్య పసిఫిక్‌లో బ్లాబ్ అని పిలిచిన వేడి నీటి మేట నిలబడింది. చల్లటి నీళ్లతో వచ్చే కొవ్వు పట్టిన చిన్న చిన్న జీవుల స్థానంలో దక్షిణం నుంచి బక్కవి వచ్చాయి. పిల్ల సాల్మన్‌కి కడుపు నిండినా ఒళ్లు పట్టలేదు. ఇంధనం తక్కువతో బయల్దేరే చేపకి వేడి నది ఎదురైతే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

అన్ని చోట్లా నష్టమే అంటే మాత్రం అబద్ధం చెప్పినట్టే. అలాస్కాలో బ్రిస్టల్ బేకి 2022లో సుమారు ఏడు కోట్ల తొంభై లక్షల సాకై వచ్చాయి, అక్కడి లెక్కల్లో అదే రికార్డు. ఆ సరస్సులు మొదటినుంచీ మరీ చల్లనివి. కొంచెం వెచ్చబడేసరికి పిల్లలకి మేత పెరిగింది, రెండేళ్లకి బదులు ఏడాదికే సముద్రంలోకి దిగేంత ఎదిగాయి. అదే అలాస్కాలో 2019 వేసవిలో కొయుకుక్ నదిలో చమ్ సాల్మన్ గుడ్లు కడుపులో ఉండగానే కుప్పలుగా చచ్చి తేలాయి. యూకాన్ నదిలో చినూక్ ఎంతగా తగ్గిపోయాయంటే, 2024లో అలాస్కా, కెనడా కలిసి ఏడేళ్ల పాటు వాటి వేట ఆపేశాయి. ఒడ్డున ఉన్న పల్లెల్లో చేపలు ఎండబెట్టే కొట్టాలు ఖాళీగా పడి ఉన్నాయి.

చేపలు మారలేవా అని చాలామంది అడుగుతారు. మారుతున్నాయి కూడా. కొలంబియాలో సాకై 1940లతో పోలిస్తే దాదాపు పది రోజులు ముందుగా నది ఎక్కుతున్నాయి, ఎండ ముదరకముందే దాటేద్దామన్నట్టు. కానీ కాలం జరుపుకోవడం వేరు, గుండెని మార్చుకోవడం వేరు. చిల్కో చేపకి ఆ గుండె వేల ఏళ్లకి వచ్చింది. ఫ్రేజర్ సాకైకి ఒక తరం అంటే నాలుగేళ్లు. 1950ల నుంచి ఇప్పటిదాకా గడిచినవి పద్దెనిమిది తరాలే.

అందుకే మనుషులు చెయ్యగలిగింది ఎక్కువగా నీళ్ల వైపు నుంచే. ఏటి ఒడ్డున చెట్లు నాటితే నీడ పడుతుంది, చల్లటి ఊటలని పూడ్చకుండా వదిలేస్తే ఆగే చోట్లు మిగులుతాయి, వేడి రోజుల్లో గాలాలు ఆపేస్తే కొన్నైనా బతుకుతాయి. క్లామత్ మీద నాలుగు డ్యామ్‌లని కూల్చే పని 2024లో పూర్తయింది. దానికోసం యురోక్, కరుక్ తెగలవాళ్లు రెండు దశాబ్దాలు పోరాడారు. ఆ అక్టోబర్‌లోనే చినూక్ చేపలు పాత డ్యామ్‌లు ఉన్న చోట్లన్నీ దాటి ఒరెగాన్‌లోని ఉపనదికి చేరాయి. 1912 తర్వాత అక్కడ సాల్మన్ కనిపించడం అదే మొదటిసారి.

బల్లార్డ్ దగ్గర అలాంటిది చెయ్యడానికి లేదు, ఊరు మొత్తం ఆ కాలవ చుట్టూ పెరిగిపోయింది. లేక్ వాషింగ్టన్‌లో సాకై వేటకి 2006 తర్వాత తలుపు తెరవలేదు. ఇటీవలి సంవత్సరాల్లో లాక్స్ దగ్గరే కొన్ని సాకై చేపల్ని పట్టి, లారీ ట్యాంకుల్లో వేసి, వేడి కాలవనీ సరస్సునీ దాటించి సీడర్ నది హ్యాచరీకి చేరుస్తున్నారు. నేను ఈ సంగతులన్నీ చదివాక కొవ్వూరుకి ఫోన్ చేసి నాన్నకి చెప్పాను. గుండెది ఆఖరి పంక్తి అన్నప్పుడు "అయ్యో" అన్నారు. లారీ సంగతి చెప్పేసరికి కాసేపు ఏమీ మాట్లాడలేదు.

తర్వాత అడిగారు: "ఆ ట్యాంకులో నీళ్లు చల్లగా ఉంచుతున్నారా అమ్మా?"

"ఉంచుతారు నాన్నా, ఆక్సిజన్ కూడా పెడతారు."